మూతికి పెట్టిన గుడ్డ

శ్రీదివ్య అడిగింది చిన్న ప్రశ్నే.

"ఈసారి పోదని ఏంటండీ నమ్మకం?"

రవీందర్ చేతిలో ఉన్న గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్లనే మళ్లీ తుడిచాడు. మేడ్చల్ హైవే పక్కన అతని రేకుల షెడ్డులో, ఇనప గొలుసుకు వేలాడుతున్న ఇంజన్ వైపు చూశాడు గాని ఆమె ముఖంలోకి చూడలేదు.

"గ్యారంటీ ఎవ్వలిస్తరు మేడం? గని ఈసారి మామూలు ఇంజన్ గాదు గదా. బిల్ట్ ఇంజన్. కోయంబత్తూరుల కడ్తరు. పిస్టన్లు, రాడ్లు అన్నీ గట్టియి ఏస్తరు. ఛార్జర్ ఎంత గాలి కొట్టినా తట్టుకుంటది."

ఛార్జర్ అని వాళ్లు ముద్దుగా అనేది సూపర్‌ఛార్జర్‌ని. ఇంజన్ నెత్తిన కూర్చుని, గాలిని నొక్కి నొక్కి లోపలికి తోసే డబ్బా అది. వేరే ఇంజన్ ఒక బుక్క గాలి మింగేచోట దీని ఇంజన్ రెండు బుక్కలు మింగుతుంది. అందుకే ఆ ఎర్ర జర్మన్ కారు కాలు ఆనిస్తే చాలు దూకుతుంది. దూకీ దూకీ పోయిన ఆదివారం పొద్దున రింగు రోడ్డు మీద, శామీర్‌పేట దగ్గర పడుతుండగా, గరగరమని చప్పుడు చేసి, పొగ కక్కి ఆగిపోయింది. వెనక వస్తున్న లారీవాడు చివరి క్షణంలో పక్కకు తిప్పాడు గనక సరిపోయింది.

"పాతది బలం చాలక పోయిందా మరి?" శ్రీదివ్య వదల్లేదు. ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిమంది చేత పని చేయించే మనిషి. ప్రశ్నకు జవాబు కాకుండా ఇంకేదైనా చెబితే ఇట్టే పట్టేస్తుంది.

"లే మేడం. చెప్పిన గదా. మా గౌరయ్య కాకా చేతులకెళ్లి బోల్టు కింద ఏసే వాచర్ జారి లోపల పడ్డది. పెద్ద మనిషి. కండ్లు మసకలు."

"ఆ వాచర్ దొరికిందా?"

"యాడ దొరుకుతది? లోపల నలిగి పొడి పొడి అయి ఉంటది."

దొరకని వాచర్ కోసం దొరికిన మనిషిని దోషిని చేశాడు రవీందర్. చేసిన రోజు అది అంత పెద్ద మాట అనిపించలేదు. కారును లాగుకొచ్చిన బండి ఇంకా గేటు దాటలేదు. శ్రీదివ్య ఎందుకు పోయిందని అడుగుతోంది. వాళ్ల నాన్న చక్రపాణి ఫోన్లో అరుస్తున్నాడు. ప్లగ్గు విప్పి సన్న కెమెరా లోపలికి దించి చూస్తే మూడో పిస్టన్ అంచు విరిగి, గోడలంతా గీతలు పడి, అల్యూమినియం రవ్వలు మెరుస్తున్నాయి. బయటినుంచి ఏదో లోపలికి పోయింది. చివరగా చెయ్యి పెట్టింది ఎవరు? గౌరయ్య. అంతే, నోటికి వచ్చేసింది. గౌరయ్య అక్కడే, పానా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మొదాలు స్టార్ట్ జేసినప్పుడే టక్కుమన్నది, ఇప్పి చూద్దామని నేను అన్లేదా రవీ?" అన్నాడు ఒక్కసారి.

"నువ్వు అన్నిటికీ గట్లనే అంటవు కాకా!" అని రవీందర్ గద్దించాడు. ముసలాయన పానాను గుడ్డతో తుడిచి, పెట్టెలో దాని చోట దాన్ని పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రవీందర్‌కు పానా పట్టడం నేర్పింది ఆ చెయ్యే. పిలుద్దామని ఫోను తీయడం, తీసి మళ్లీ జేబులో పెట్టుకోవడం, ఈ వారమంతా అదే వరస.

"సరే, ఉన్న దారులు మళ్లీ ఒకసారి చెప్పండి," అంది శ్రీదివ్య, బోర్లించిన టైరు మీద కూర్చుంటూ.

దారులు మూడు. పాత ఇంజన్నే బోరు కొట్టించి, అంటే గీతలు పడ్డ గోడలు నున్నగా చెక్కించి, కొత్త పిస్టన్లేసి కూర్చోబెట్టుకోవచ్చు. లేదా యాక్సిడెంట్‌లో తుక్కయిన కారు నుంచి తీసిన ఇంజన్ ఒకటి జవహర్‌నగర్‌లో దీక్షిత్ అనే ఇంజన్ల వ్యాపారి దగ్గరుంది, దాన్ని తెచ్చుకోవచ్చు. మూడోది కోయంబత్తూరు బిల్ట్ ఇంజన్. దానికి ఒక షరతు ఉంది. పాత ఇంజన్ వాళ్లకు బదులుగా ఇచ్చేయాలి. ఛార్జర్ ఒక్కటి విప్పి ఉంచుకుని, మిగతాది లారీలో పంపిస్తే, అక్కడినుంచి కొత్తది బయల్దేరుతుంది.

రవీందర్ మనసు మూడోదాని మీదే ఉంది. బిల్ట్ ఇంజన్ మంచిది, అబద్ధం కాదు. కానీ పాత ఇంజన్ కళ్ల ముందునుంచి వెళ్లిపోతుందన్నదే అతనికి ఎక్కువ నచ్చింది. ఆ సంగతి తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"ముందు జవహర్‌నగర్ ఇంజన్ చూద్దాం," అని లేచింది శ్రీదివ్య. "చూడకుండా వద్దనడం నాకు అలవాటు లేదు."

వెళ్లేముందు రవీందర్ తల్లి తారాబాయి షెడ్డు వెనక ఇంట్లోంచి టీ తెచ్చింది. గొలుసుకు వేలాడుతున్న ఇంజన్‌ను చూసి నిట్టూర్చింది. షెడ్డులో కంప్రెసర్‌కు, డ్రిల్లింగ్ మిషన్‌కు, జాకీకి దసరా నాడు కట్టిన కంకణాలు ఇంకా ఉన్నాయి. పసుపు దారం, దానికి ముడేసిన ఎండు పసుపు కొమ్ము. వాటన్నిటి మీదా ఆమె చూపు తిరిగింది.

"మైలల పూజకొస్తే గిట్లనే అయితది బిడ్డా," అంది శ్రీదివ్యతో. "గౌరయ్యోల్ల పాలోళ్లింట్ల మనిషి పోయిండు. దినాలు గాకముందే వచ్చి గీడ నిలవడ్డడు. నేను వద్దంటనే ఉన్న."

శ్రీదివ్య టీ తాగి గ్లాసు తిరిగిచ్చింది.

*

జవహర్‌నగర్ దగ్గర పడగానే చెత్త గుట్ట వాసన కారు అద్దాలు మూసినా లోపలికి వచ్చింది. శ్రీదివ్య వాళ్ల నాన్న చిన్న కారును తడిమినట్టు నడుపుతోంది. ఎదురుగా లారీ కనిపిస్తే చాలు, పక్కకు తీసి ఆపుకుంటోంది. ఎర్ర కారు తోలిన మనిషేనా ఈమె అనిపించింది రవీందర్‌కు.

"ఆ రోజు నుంచీ ఇంతేనండీ," అంది ఆమే. "వెనకాల హారన్ వినిపిస్తే కాళ్లు చల్లబడుతున్నాయి. కొత్త ఇంజన్ వేసినా దాన్ని నమ్మి కాలు ఆనించగలనా అని భయంగా ఉంది. నిజం చెప్పాలంటే ఏ ఇంజనా అన్నది కాదు నా బాధ."

రవీందర్ "ఏం గాదు మేడం" అన్నాడు. ఆ మాట ఈ వారంలో ఎన్నిసార్లు అన్నాడో అతనికే లెక్క లేదు.

దీక్షిత్ షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. పెళ్లిపిల్లను చూపించినట్టు ప్లాస్టిక్ ముసుగు తీసి ఇంజన్ చూపించాడు.

"అన్నా, సామాను ఎట్లున్నదో చూడు. సిటీల ఎవ్వరి తాన దొరకది. బండి ముంగటికెళ్లి గుద్దలే, వెనకకెళ్లి గుద్దింది. ఇంజన్‌కు గీత గూడ పడలే."

రవీందర్ చొక్కా చేతులు మడిచాడు. పనిలో పడ్డాక అతని భయం కొంచెం వెనక్కి జరిగింది. ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి వెలుతురుకు పెట్టి చూశాడు. పొడవాటి రాడ్డు తగిలించి, ఇంజన్ కడ్డీని చేత్తో మెల్లగా తిప్పుతూ చెవి ఆనించి విన్నాడు. ఎక్కడైనా పట్టేస్తుందా, ఎక్కడైనా వదులవుతుందా అని మళ్లీ వెనక్కి తిప్పాడు. కెమెరా దించి ప్రతి సిలిండర్ లోపలా చూశాడు. చివరికి ఆయిల్ పుల్ల లాగి, బొట్టు వేళ్ల మధ్య రాసి చూసి, వాసన చూశాడు.

"నూనె ఎప్పుడు పోసినవు తమ్మీ?"

"గదే అన్నా, బండిల ఉన్నదే."

"బండిల ఉన్నది గింత తెల్లగ ఉంటదా? నిన్ననో మొన్ననో పోసినవు." ఫిల్టర్ విప్పి కత్తితో కోసి, మడతలు విడదీశాడు. కొత్త నూనె కింద పాత ఫిల్టర్ కాగితం మీద సన్నగా రాగి రంగు మెరుపులు. "బేరింగులు అరిగినయ్. కడిగి, నూనె పోసి అమ్ముతున్నవు."

దీక్షిత్ నవ్వేసి ప్లాస్టిక్ కప్పేశాడు. దొరికిపోయినందుకు ఆ ముఖంలో సిగ్గేమీ లేదు.

తిరిగి కారెక్కారు. రవీందర్ గోళ్లలోని నూనెను ఇంకో గోటితో తీసుకుంటున్నాడు. పని బాగా చేశానన్న తృప్తి ముఖంలో ఉంది.

"ఎంత బాగా చూశారండీ," అంది ఆమె. "మన పాతదాన్ని కూడా ఇలాగే విప్పి చూశారా? ఆ ఛార్జర్ అదీ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రవీందర్ చెయ్యి మెడ మీదికి పోయింది. "ఛార్జర్ ఎట్లాగో ఇప్పాలె మేడం, కొత్తదానికి ఎక్కియ్యనీకి. అప్పుడు చూస్త," అన్నాడు.

అతను అన్నది సబబే. కానీ వారం నుంచీ ఆ డబ్బా మీద చెయ్యి వేయడానికి అతనికి ఎందుకో మనసొప్పడం లేదు. పక్కనే ఉన్న మిగతా బోల్టులన్నీ విప్పాడు, వైర్లన్నీ తీశాడు, దాన్ని మాత్రం ముట్టలేదు.

ఇంజన్ మారితే దాని నంబరు ఆర్టీవో ఆఫీసులో మార్పించాలి. బండి కాగితాల నకలు ఇస్తానని శ్రీదివ్య అతన్ని శామీర్‌పేటలోని తమ విల్లాల దాకా తీసుకెళ్లింది. గేటు దగ్గర కారు ఆగింది. నీలం చొక్కా, మెడలో విజిలు వేసుకున్న వాచ్‌మన్ అడ్డకర్ర ఎత్తడానికి వచ్చి, కారులోకి వంగి చూసి, అలాగే ఆగిపోయాడు.

గౌరయ్య. కళ్లకు కొత్త అద్దాలు. నీలం చొక్కా భుజాల దగ్గర వదులై వేలాడుతోంది.

రవీందర్ కిటికీ అద్దం దించాడు. "కాకా... నువ్వీడ?"

"మా ఊరు గౌడవెల్లి పిలగాడు ఇయ్యాల్నే పెట్టిచ్చిండు బిడ్డా. కూసుండే పనే." గౌరయ్య ముఖంలో కోపం లేదు. అదే రవీందర్‌కు ఊపిరాడనివ్వలేదు. ముసలాయన అటు తిరిగి వచ్చి, శ్రీదివ్య వైపు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గా ఎర్రబండి సంగతే బిడ్డా. తప్పయింది. లారీ కింద పడుతుంటివని ఇన్న. నా పెట్టెల వాచర్లన్నీ బోర్లిచ్చుకొని మళ్ల మళ్ల చూసుకున్న. ఏది తక్కువైందో సమజ్ అయితలేదు. నాకైతే జారినట్టు యాదికి లేదు. గని రవి అన్నడంటే అయి ఉంటది. వాడు అబద్ధమాడడు."

"అయ్యో, పర్లేదండి పెద్దాయనా," అంది శ్రీదివ్య.

"గందుకే అద్దాలు గూడ తీసుకున్న," అన్నాడు గౌరయ్య, వాటిని వేలితో పైకి తోసుకుంటూ. అడ్డకర్ర ఎత్తాడు. కారు లోపలికి పోయేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

రవీందర్ వెనక్కి తిరిగి చూడలేదు. కాగితాలు తీసుకుని ఇంకో గేటు నుంచి బయటపడి ఆటో ఎక్కాడు. ఆటోలో కూర్చున్నాక కోయంబత్తూరుకు ఫోన్ చేసి, బిల్ట్ ఇంజన్ ఖాయం అన్నాడు. శ్రీదివ్యకూ అదే చెప్పాడు. ఆమె సరేనంది. ఎల్లుండి లారీ వస్తుంది. పాత ఇంజన్ ఎక్కిస్తే ఇక దాని గోల ఉండదు.

*

లారీ మధ్యాహ్నానికి వస్తానంది. పొద్దున్నే రవీందర్ షెడ్డు షట్టర్ సగమే ఎత్తి పనికి కూర్చున్నాడు. ఇక తప్పదు, ఛార్జర్ విప్పాలి.

ముందుగా దాని చక్రాన్ని చేత్తో తిప్పాడు. నున్నగా తిరగాల్సింది. తిరిగింది, తిరిగింది, ఒకచోట పట్టేసింది. వెనక్కి తిప్పితే అక్కడే మళ్లీ పట్టేసింది. పంటి కింద రాయి పడ్డట్టు చేతికి తెలిసింది. బోల్టులు విప్పి, డబ్బాను బల్ల మీదికి దించి, గాలి లోపలికి పోయే మూతిని తన వైపు తిప్పుకుని టార్చి వేశాడు.

లోపల గాలిని నొక్కే రెండు మరలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గీతలు పడి ఉన్నాయి. రవ్వలు ఊడి వచ్చింది అక్కడినుంచే. రెండు మరల మధ్య, చివరాఖరున, ఒక దారం పోగు చిక్కుకుని ఉంది. గోడ మీద మరక. నలుపు కాదు, తుప్పూ కాదు. వేలితో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

పసుపు.

రవీందర్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. అతనికి ఇంక ఏదీ గుర్తు చేసుకోవాల్సిన పని లేకపోయింది. అన్నీ వాటంతటవే వచ్చి నిలబడ్డాయి.

దసరా నాడు ఈ కారు బానెట్ ఎత్తి ఉంది. ముందురోజే శుభ్రం చేయడానికని గాలి గొట్టం ఊడదీసి, తెరిచి ఉన్న ఛార్జర్ మూతిలో గౌరయ్య తన పాత గుడ్డ కుక్కి ఇంటికి పోయాడు. తారాబాయి పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని వచ్చి, "దేవుని ముంగట గా మురికి గుడ్డ ఏందిరా? తియ్యి," అంది. రవీందరే తీశాడు. తీసి తుక్కు కుప్పలోకి విసిరాడు. మూతికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని చుట్టూ కంకణం కట్టాడు. గౌరయ్య పూజ అయ్యే వేళకు వచ్చి గుమ్మం అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మైల అని లోపలికి కూడా రాలేదు. పండగ వెళ్లాక పనికొచ్చి, "గుడ్డ ఏది రవీ? ఎవరు తీసిర్రు?" అని అడిగాడు. "నేనే తీసిన, పూజకు. ఏం పడలే, బిగియ్యి." "అయితే గీ డబ్బా ఒక్కసారి దించి చూద్దాం." "టైం లేదు కాకా, మేడం బయల్దేరింది. జల్దీ బిగియ్యి." కంకణం అక్కడ లేదన్న సంగతి అప్పుడు రవీందర్‌కు తట్టనే లేదు. స్టార్ట్ చేయగానే టక్కుమంది. కొత్తగా వేసిన బెల్టు చప్పుడే, సర్దుకుంటుంది అన్నాడు.

అన్నీ తనే. గుడ్డ తీసిన చెయ్యి, కట్టిన చెయ్యి, జల్దీ అన్న నోరు, వాచర్ అన్న నోరు.

లేచి షట్టర్ ఇంకొంచెం కిందికి లాగాడు. మగ్గులో పెట్రోలు పోసి, బ్రష్షు ముంచి, లోపల రుద్దడం మొదలుపెట్టాడు. తను ఏం చేస్తున్నాడో అతనికి బాగా తెలుసు. ఛార్జర్ కూడా పాడైంది మేడం, పాత ఇంజన్ రవ్వలు తగిలి మరలు చెడిపోయాయి అంటే ఎవరు కాదంటారు? కొత్త మరలు వేస్తే అయిపోతుంది. లారీ వస్తుంది, ఇంజన్ పోతుంది. గౌరయ్యకు కూర్చునే పని దొరికింది కదా.

దారం పోగు కొంత వచ్చింది, కొంత మర ఇరుకులోనే ఉండిపోయింది. మరక మాత్రం పోలేదు. పసుపు మరక అంత తొందరగా పోయేదైతే ఇంటింటా ఆడవాళ్లకు అంత చాకిరీ ఎందుకు? రుద్దిన కొద్దీ బ్రష్షూ పచ్చబడింది, అతని వేళ్లూ పచ్చబడ్డాయి.

"షట్టర్ దించి ఏం జేస్తున్నవురా చీకట్ల?" తారాబాయి వెనక తలుపు నుంచి టీ గ్లాసుతో వచ్చింది. "కొత్త ఇంజన్ ఎప్పుడొస్తది? రాంగనే నాకు చెప్పు. మంచి రోజు చూసి నేనే కంకణం కడ్త. గా మైల మనిషిని మాత్రం దరిదాపుల రానియ్యకు."

"కట్టకు!" రవీందర్ అరిచాడు. టీ గ్లాసు ఆమె చేతిలో తొణికింది. "దేనికీ ఏం కట్టకు అమ్మా. ఇగో చూడు. వాసన చూడు."

ఆమె ముందు అతని పచ్చటి వేళ్లను చూసింది. తర్వాత డబ్బా మూతిలోకి వంగి చూసింది. అర్థమయ్యేదాకా అతను చెప్పాడు. ఎక్కడ కట్టాడో, ఎలా ఊడి లోపలికి జారి ఉంటుందో, ఎండు కొమ్ము రాయిలా ఎలా అడ్డం పడి ఉంటుందో అన్నీ చెప్పాడు.

తారాబాయి గ్లాసు కింద పెట్టింది. "పసుపుతోని గూడ చెడు జరుగుతదారా?" అంది. ఆ గొంతులో కోపం లేదు, పిల్లల గొంతులో ఉండే భయం ఉంది.

బయట హారన్ మోగింది. లారీ. డ్రైవర్ షట్టర్ కొట్టాడు. రవీందర్ గొలుసుకు వేలాడుతున్న ఇంజన్ వైపు చూశాడు. ఇప్పుడు ఎక్కిస్తే పావుగంట పని. కానీ చెవిలో ఒకటే మాట మోగుతోంది. వాడు అబద్ధమాడడు. ముసలాయన ఇంట్లో నేల మీద వాచర్లు బోర్లించుకుని, ఏది తక్కువైందా అని ఏరుకుంటున్నట్టు కళ్లకు కట్టింది. లేని తప్పును ఆయన వెతుక్కుంటున్నాడు. ఉన్న తప్పును తను పెట్రోలుతో కడుగుతున్నాడు.

షట్టర్ పైకెత్తాడు. "ఇయ్యాల గాదు అన్నా. ఇంజన్ పంపుతలేను," అన్నాడు. డ్రైవర్ తిట్టిన తిట్లకు బదులు చెప్పలేదు. ఛార్జర్‌ను గోనెసంచిలో చుట్టి బైకు వెనక కట్టుకున్నాడు.

*

గేటు నీడలో కుర్చీ వేసుకుని గౌరయ్య మధ్యాహ్నం బువ్వ తింటున్నాడు. రవీందర్ సంచి విప్పి, డబ్బాను ఆయన ముందున్న అరుగు మీద పెట్టాడు. మూతిని ఆయన వైపు తిప్పాడు.

గౌరయ్య చెయ్యి కడుక్కుని వచ్చాడు. వంగి చూడలేదు, అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, తర్వాత చూశాడు. "గివి కొన్నప్పటి సంది తలకాయ ఒకటే నొస్తాంది," అన్నాడు ఎటో చూస్తూ. గోటితో దారం పోగును లాగి, రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే పెట్టుకున్నాడు.

"దసరా కంకణం కాకా," అన్నాడు రవీందర్. "నేను కట్టిన. గుడ్డ తీసింది నేనే. వాచర్ లేదు, ఏం లేదు. నీ చేతులకెళ్లి ఏం పడలే."

ముసలాయన గేటు దాకా నడిచి, ఒక స్కూటర్‌కు అడ్డకర్ర ఎత్తి, దించి, మళ్లీ వచ్చాడు. వచ్చేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"నా చేతులను నేను నమ్ముడు బంద్ జేసిన రవీ," అన్నాడు. "బువ్వల ఉప్పేసుకునేటప్పుడు గూడ అనుమానమే."

"కాల్మొక్త కాకా..."

"నాకు జెప్తే ఏమొస్తది?" గౌరయ్య గొంతు అప్పుడు గట్టిపడింది. "వాచర్ అని నాతోని అన్నవా? గా బిడ్డతోని అన్నవు. ఆమెకు జెప్పు. నా ముంగట జెప్పు."

అంటూనే గేటు గదిలో ఉన్న ఫోనెత్తి నంబరు నొక్కాడు. "మేడం, మీ మెకానిక్ వచ్చిండు. ఒక్కపాలి గేటు కాడికి రావాలె." ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చోలేదు, రవీందర్ పక్కనే నిలబడ్డాడు.

శ్రీదివ్య ఇంటి నుంచే పని చేస్తోంది గనక వెంటనే వచ్చింది. రవీందర్ చెప్పాడు. దొంగకు తేలు కుట్టినట్టు వారం రోజులుగా మింగి కూర్చున్నవాడు, మొదలుపెట్టాక ఆపకుండా చెప్పాడు. కంకణం, గుడ్డ, జల్దీ అన్నది, టక్కుమన్నది, పొద్దున పెట్రోలుతో కడిగింది కూడా. ఆమె డబ్బాను చూసింది, అతని పచ్చటి వేళ్లను చూసింది.

"పెద్దాయన పేరు చెప్పినప్పుడు మీకు తెలుసా?"

"తెల్వదు మేడం." ఆగాడు. "తెలుసుకోవాలని చూడలే."

"నేనే ఈయన్ని క్షమించేశాను మొన్న, కారులో కూర్చుని," అంది శ్రీదివ్య. సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది. "అయితే ఇంజన్ బలహీనమై పోలేదు. బిల్ట్ ఇంజన్ అక్కర్లేదు కదా నాకు?"

"అక్కర్లేదు మేడం. మీ పాతదే బోరు కొట్టిస్తే సరిపోతది. ఛార్జర్‌కు మరలు మార్చాలె. నిజంగ చెప్పాలంటే మొదటి రోజే గిది చెప్పాల్సుండె."

"కోయంబత్తూరు వాళ్లకి వద్దని చెప్పేయండి. కారూ ఇంజనూ రేపు పొద్దున్నే బండి పంపి తెప్పించుకుంటాను. వేరేచోట చేయిస్తాను."

రవీందర్ తల ఊపాడు. వారమంతా భయపడింది దీనికే. అది ఇంత మామూలు మాటల్లో వస్తుందని అనుకోలేదు.

*

మర్నాడు పొద్దున కారును ఎక్కించుకునే బండి వచ్చింది. శ్రీదివ్య కూడా వచ్చి ఒక పక్కన నిలబడింది. ఇంజన్‌ను గొలుసు మీంచి మెల్లగా చెక్క బల్ల మీదికి దించారు. ఛార్జర్ ఊడదీసిన చోట దాని గాలి దారులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. డ్రైవర్ తాళ్లు బిగిస్తున్నాడు.

"గట్లనే పంపుతవా?"

గౌరయ్య. డ్యూటీకి పోతూ దారిలో దిగినట్టున్నాడు, నీలం చొక్కాలోనే ఉన్నాడు. కళ్లకు అద్దాలు లేవు. "మూతులు తెరిచి పెట్టి రోడ్డు మీద దుమ్ముల తీస్కపోతరా? ఏమన్న పడితే?" అని నేరుగా బండి పైకి ఎక్కాడు.

అందరికంటే ముందు కదిలింది తారాబాయి. ఇంట్లోకి పోయి, పెట్టెలోంచి కొత్త తెల్లటి బట్ట తెచ్చింది. ఆయన ముఖంలోకి చూడలేక, చెయ్యి మాత్రం పైకి చాపింది. "ఇది పెట్టు మరిదీ. కొత్తది. కడిగినదే."

గౌరయ్య దాన్ని అందుకుని వేళ్లతో రుద్ది చూశాడు. "కొత్తదొద్దు వదినా. దూది రాలుతది. మళ్ల లోపలికే పోతది. పాతదే నయం, ఉతికి ఉతికి నూలంతా పోయినది."

ఎవరికీ ఏ పాతదో చెప్పనక్కర లేకపోయింది. రవీందర్ తుక్కు కుప్ప దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇనప ముక్కలు పక్కకు తీశాడు. గుడ్డ అడుగున ఉంది. నల్లగా, గట్టిగా నలిగి ఉంది. దాన్ని కొళాయి కింద సబ్బుతో ఉతికి, పిండి, దులిపి, కంప్రెసర్ గాలితో ఆరబెట్టి తెచ్చాడు. కంప్రెసర్ మీద కంకణం ఇంకా ఉంది. దాన్ని ఎప్పుడో తారాబాయి విప్పుతుందిలే అని వదిలేశాడు.

గౌరయ్య గుడ్డను రెండుగా చింపి, మడత మీద మడత పెట్టి, ఒక్కో మూతిలో ఒత్తాడు. బొటనవేలితో చుట్టూ నొక్కి చూశాడు. ఆ వేలు వణకలేదు. కిందికి దిగి శ్రీదివ్య దగ్గరికి వచ్చాడు.

"ఎవరి తాన చేపిస్తవో గని బిడ్డా, గుడ్డలు నేను పెట్టిన అని చెప్పు."

"మీరే వచ్చి తీద్దురుగాని పెద్దాయనా. నేను తీసుకెళ్తాను," అంది శ్రీదివ్య.

"ఎవరు తీసినా మంచిదే," అన్నాడు గౌరయ్య. "తీసినంక లోపల ఏమన్న ఉన్నదేమో ఒక్కపాలి చూడుమను. జల్దీ జెయ్యొద్దను."

ఆ మాట ఆమెతోనే అన్నాడు. రవీందర్ వైపు తిరగలేదు. కొళాయి దగ్గరికి పోయి, తను ఎప్పుడూ సబ్బు పెట్టే గూట్లో చెయ్యి పెట్టి, అక్కడే ఉన్న సబ్బు తీసుకుని చేతులు కడుక్కున్నాడు. శామీర్‌పేట వైపు పోయే బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయాడు.